ఆపరేషన్ అయిన ఎనిమిదో రోజే ఆటకి దిగినవాడిని హీరో అనకండి

ఎడిటర్ గారికి నమస్కారం.

పొద్దున్నే కాఫీ తాగుతూ మీ ఈ-పేపర్ తిరగేసే పాఠకుడినండి, నాకు ముందు ఆటల పేజీ, ఆ తర్వాతే రాజకీయాలు. ఈ ఉత్తరం మీ ఒక్క పేపర్ మీద కోపంతో రాస్తున్నది కాదు, తెలుగు పేపర్లన్నీ, టీవీలతో సహా, ఇదే పని చేస్తున్నాయి కాబట్టి ఎవరో ఒకళ్ళకి చెప్పాలి కదా అని మీకు రాస్తున్నా. ఏ ఆటగాడైనా మోకాలికి ఆపరేషన్ చేయించుకుని డాక్టర్లు చెప్పిన గడువుకంటే ముందే గ్రౌండ్‌లోకి దిగితే చాలు, నొప్పిని లెక్కచెయ్యని యోధుడు, ఉక్కు మనిషి, గాయాన్ని జయించిన వీరుడు అంటూ పెద్దక్షరాల్లో హెడ్డింగ్ పెట్టేస్తారు. ఆ మోకాలికి మూడేళ్ళ తర్వాత ఏమైందో మాత్రం ఎక్కడా రాయరు, రాసినా మూలన నాలుగు లైన్లు, ఫలానా ఆటగాడు రిటైర్ అని.

నేనుండేది అమెరికాలో ఆరెగాన్ రాష్ట్రం, హిల్స్‌బొరో. పోర్ట్‌లాండ్ పక్కనే. ఇక్కడ చిప్ ఫ్యాక్టరీల పుణ్యమా అని మనవాళ్ళు బాగానే ఉంటారు, కూరగాయల షాపులో గోంగూర కట్ట దొరుకుతుంది, వారాంతం వస్తే క్రికెట్టూ ఉంటుంది. కానీ ఈ ఊరి వాళ్ళకి ప్రాణం బాస్కెట్‌బాల్, అదీ ఒకే ఒక్క టీమ్, ఎన్‌బీఏ అనే పెద్ద బాస్కెట్‌బాల్ లీగ్‌లో ఆడే ట్రెయిల్ బ్లేజర్స్. 1977లో ఒక్కసారి ఛాంపియన్ అయ్యారు, మళ్ళీ ఇంతవరకూ లేదు. ఆ టీమ్‌లో బ్రాండన్ రాయ్ అని ఒకడుండేవాడు. మనవాళ్ళకి జోర్డాన్, కోబీ, లెబ్రాన్ పేర్లు తెలుసుగానీ ఇతని పేరు తెలిసినవాళ్ళు తక్కువ, తెలియకపోవడానికి కారణం అతని ఆట కాదు, మోకాళ్ళు.

రాయ్ సియాటిల్ కుర్రాడు. కాలేజీలో నాలుగేళ్ళూ అక్కడే యూనివర్సిటీ ఆఫ్ వాషింగ్టన్‌లో ఆడి 2006 డ్రాఫ్ట్‌లో (కొత్త ఆటగాళ్ళని టీమ్‌లు వంతులవారీగా ఎంచుకునే రోజు) ఆరో నంబర్‌లో మిన్నెసోటా టీమ్ తీసుకుంటే అదే రోజు చేతులు మారి పోర్ట్‌లాండ్‌కి వచ్చాడు. మొదటి ఏడాదే రూకీ ఆఫ్ ద ఇయర్, అంటే కొత్తవాళ్ళలో మేటి, ఓటు వేసిన 128 మందిలో 127 మంది అతని పేరే రాశారు. తర్వాత 2008, 2009, 2010 వరసగా మూడేళ్ళు ఆల్‌స్టార్, అంటే లీగ్‌లో మేటి ఆటగాళ్ళ జట్టులో చోటు. 2008 డిసెంబర్‌లో ఫీనిక్స్ మీద ఒక్క మ్యాచ్‌లో 52 పాయింట్లు. అదే సీజన్ నవంబర్‌లో హ్యూస్టన్‌తో ఓవర్‌టైమ్‌లో ఒక్క పాయింటు వెనకబడి 0.8 సెకన్లు మిగిలి ఉండగా ఎక్కడో దూరం నుంచి విసిరిన బంతి బుట్టలో పడి మ్యాచ్ గెలిచారు, ఆ వీడియో ఇప్పటికీ ఇక్కడి వాళ్ళ ఫోన్లలో తిరుగుతూనే ఉంటుంది. అతని ఆటలో హడావిడి ఉండదు. అందరూ ఎగిరెగిరి పడుతుంటే ఇతను మాత్రం నడుస్తున్నట్టే ఉండి డిఫెండర్‌ని దాటేసేవాడు, ఒక్క అడుగు ఆపి, భుజం కొంచెం ముందుకి వంచి, అవతలవాడు ఆ భుజాన్ని నమ్మి కదిలేలోపు ఇటు తిరిగి షాట్ వేసేసేవాడు. అలా ఆగడానికి, మళ్ళీ కదలడానికి భారమంతా పడేది మోకాలి మీదే అని అప్పట్లో చూసేవాళ్ళకి తోచేది కాదు.

2009 ఆగస్టులో అతనితో అయిదేళ్ళ కాంట్రాక్టు కుదిరింది, సుమారు 8 కోట్ల డాలర్లు. అప్పటికి అతని వయసు 25.

ఇక అసలు విషయం. 2010 ఏప్రిల్‌లో, ప్లేఆఫ్స్ (సీజన్ ఆఖర్లో ఛాంపియన్‌ని తేల్చే సిరీస్‌లు) ఇంకో వారం ఉందనగా, లేకర్స్‌తో ఆడుతూ కుడి మోకాల్లో మెనిస్కస్ అనే మెత్తటి ముక్క చిరిగింది. ఏప్రిల్ 16న ఆపరేషన్ చేశారు. ఇక ఫీనిక్స్‌తో మొదటి సిరీస్‌కి రాడనే అందరూ అనుకున్నారు, ఏప్రిల్ 24న నాలుగో మ్యాచ్‌కి డ్రెస్ వేసుకుని వచ్చేశాడు. లెక్కపెట్టుకోండి, ఎనిమిది రోజులు. మనకి పన్ను పీకించుకుంటే అయిదు రోజులు ఆవకాయ ముట్టనివ్వరు ఇంట్లో. ఎవరో బలవంతంగా ఆడించారని నేననను, తనే ఆడతానని పట్టుబట్టాడు, డాక్టర్లు సరేనన్నారు. బెంచ్ మీంచి లేచి కోర్టులోకి వస్తుంటే స్టేడియం మొత్తం లేచి నిలబడింది, 10 పాయింట్లు వేశాడు, ఆ మ్యాచ్ గెలిచారు. సిరీస్ మాత్రం 4-2తో ఓడిపోయారు. మర్నాడు ఎక్కడ చూసినా వీరగాథలే.

ఆ వచ్చే సీజన్‌లోనే బయటపడింది సంగతి. రెండు మోకాళ్ళలోనూ మెనిస్కస్ మిగల్లేదు, ఎముకకి ఎముక రాసుకుంటోంది. న్యాయంగా చెప్పాలంటే ఆ ఎనిమిది రోజుల వల్లే అంతా పోయిందని ఏ డాక్టరూ తేల్చి చెప్పలేడు, అతనికి కాలేజీ రోజుల నుంచే మోకాలి ఆపరేషన్లు ఉన్నాయి, 2008 ఆగస్టులో ఎడమ మోకాలికి కూడా అయింది. నా బాధ అది కాదు. అంత అరిగిపోయిన మోకాళ్ళున్న మనిషి ఆపరేషన్ బల్ల దిగిన వారానికే పరిగెడుతుంటే ఆగు బాబూ అనాల్సింది పోయి అందరూ చప్పట్లు కొట్టారు చూడండి, అదీ.

ఈ మెనిస్కస్ అంటే ఏంటో కొంచెం చెప్తాను, పాఠకుల్లో సగం మంది ఇళ్ళల్లో "గుజ్జు అరిగిపోయింది" అన్న మాట వినపడుతూనే ఉంటుంది కానీ లోపల ఏముందో ఎవరూ చెప్పరు. తొడ ఎముక కింది కొసకీ కాలి ఎముక పై కొసకీ మధ్య ఒక్కో మోకాల్లో రెండేసి, నెలవంక ఆకారంలో మెత్తటి ముక్కలుంటాయి, అవే మెనిస్కస్‌లు. కుళాయిలో వాషర్ లాంటివనుకోండి. మనం ఎగిరి కిందకి దిగినప్పుడు ఒంటి బరువుకి కొన్ని రెట్లు మోకాలి మీద పడుతుంది, ఆ బరువుని ఒకేచోట పడనీకుండా అవి చుట్టూ పంచుతాయి. వీటి బయటి అంచుకే రక్తం అందుతుంది, లోపలి వైపుకి అందదు, అందుకని అక్కడ చిరిగితే దానంతట అది అతుక్కోదు. అప్పుడు డాక్టర్ ముందు రెండు దారులు. కుట్లు వెయ్యడం, లేదా చిరిగిన ముక్క కత్తిరించి తీసెయ్యడం. కుట్లు వేస్తే ఆటకి తిరిగి రావడానికి నెలలు పడుతుంది, కత్తిరిస్తే వారాల్లో రావచ్చు. సీజన్ మధ్యలో ఉన్న ఆటగాడు, ప్లేఆఫ్స్ నెత్తి మీదున్న టీమ్, టికెట్ కొనుక్కున్న జనం, ఇంతమంది ఒకవైపుంటే ఏ దారి వైపు మనసు లాగుతుందో వేరే చెప్పక్కర్లేదు. కుట్లు వెయ్యడానికి వీల్లేని చోట చిరిగితే అది వేరే సంగతనుకోండి. కానీ కత్తిరించిన ప్రతి ముక్కకీ బదులు ఆ బరువు ఎముక చివర ఉండే నున్నటి గుజ్జు పొర మీద పడుతుంది. దానికి రక్తమూ లేదు, నరమూ లేదు. అంటే అరుగుతున్నప్పుడు నొప్పి పెద్దగా తెలియదు, తెలిసే వేళకి పొర చాలావరకు పోయి ఉంటుంది, పోయింది మళ్ళీ రాదు.

2011 జనవరిలో రాయ్‌కి రెండు మోకాళ్ళకీ ఒకేసారి ఆపరేషన్ చేశారు. ఫిబ్రవరి నెలాఖరుకి మళ్ళీ కోర్టులో ఉన్నాడు. ఆ ఏడాది ప్లేఆఫ్స్‌లో డాలస్‌తో రెండో మ్యాచ్‌లో ఎనిమిది నిమిషాలే ఆడించారు, బెంచ్ మీద కూర్చున్న అతని మొహం చూడలేకపోయాం.

ఏప్రిల్ 23, నాలుగో మ్యాచ్. మా వాళ్ళు నలుగురం హిల్స్‌బొరోలో బ్లూ లైన్ రైలెక్కి వెళ్ళాం, అప్పట్లో ఆ స్టేడియం పేరు రోజ్ గార్డెన్. మూడో క్వార్టర్ ఆఖర్లో 67-44, 23 పాయింట్లు వెనకబడి ఉన్నాం, మా ముందు వరసలో వాళ్ళు కోట్లు తొడుక్కుని లేచిపోయారు కూడా. ఆ తర్వాత జరిగింది చెప్తే నమ్మబుద్ధి కాదు. నాలుగో క్వార్టర్ ఒక్కదాన్లో రాయ్ 18 పాయింట్లు వేశాడు. ఇంకో నిమిషం చిల్లర ఉందనగా త్రీ, అంటే దూరం నుంచి మూడు పాయింట్ల షాట్, వేస్తుంటే షాన్ మేరియన్ ఫౌల్ చేశాడు, ఆ త్రీ పడింది, ఫ్రీ త్రో కూడా పడింది, 82-82. వెంటనే ఇంకోసారి వచ్చి బోర్డుకి కొట్టి రెండు పాయింట్లు. 84-82, గెలిచాం. ఆ డాలస్ టీమే జూన్‌లో ఛాంపియన్ అయింది, అంత గట్టి టీమ్ మీద. మా పక్క సీట్లో పెద్దాయన ఎవరో ముక్కూమొహం తెలియని నన్ను కావలించుకుని ఏడ్చేశాడు. కానీ నేను కూర్చున్న చోటు నుంచి ఇంకొకటి కూడా కనపడింది, టైమ్‌అవుట్ ఇచ్చిన ప్రతిసారీ రాయ్ కుర్చీ దాకా వెళ్ళేటప్పుడు కాళ్ళు వంగేవి కావు, కర్రల్లా చాపుకునే నడిచేవాడు, కూర్చోవాలంటే ముందు చేతులు కుర్చీకి ఆనించుకునేవాడు. 26 ఏళ్ళవాడు మా నాయనమ్మలా కూర్చుంటున్నాడు. సిరీస్ మళ్ళీ 4-2తో పోయింది.

ఆ డిసెంబర్‌లో రిటైర్మెంట్ చెప్పాడు, 27 ఏళ్ళకి. అప్పుడే వచ్చిన ఆమ్నెస్టీ అనే కొత్త రూల్ కింద టీమ్ అతని కాంట్రాక్టుని జీతాల లెక్కలోంచి తీసేసుకుంది, అతనికి రావాల్సిన డబ్బు మాత్రం ఇచ్చింది, అక్కడ కాంట్రాక్టులు చాలావరకు గ్యారంటీ కాబట్టి. 2012లో మిన్నెసోటా తరఫున మళ్ళీ ప్రయత్నించాడు, తన రక్తమే తీసి ప్లేట్‌లెట్లు ఎక్కువుండేలా చేసి మోకాల్లో ఎక్కించే చికిత్స కూడా చేయించుకున్నాడు. అయిదు మ్యాచ్‌లు ఆడాడు. మళ్ళీ ఆపరేషన్. అంతే.

ఇదొక్కటే అయితే తలరాత అనుకుందాం. అదే టీమ్ 2007 డ్రాఫ్ట్‌లో మొదటి నంబర్‌లో గ్రెగ్ ఓడెన్ అనే ఏడడుగుల కుర్రాడిని తీసుకుంది, రెండో నంబర్‌లో వెళ్ళినవాడు కెవిన్ డ్యూరాంట్. ఓడెన్ ఒక్క మ్యాచ్ ఆడకముందే ఆ సెప్టెంబర్‌లో కుడి మోకాలికి మైక్రోఫ్రాక్చర్ ఆపరేషన్, ఏడాది పోయింది. మైక్రోఫ్రాక్చర్ అంటే గుజ్జు పోయిన చోట ఎముకకి సన్నటి చిల్లులు పొడుస్తారు, లోపలి నుంచి రక్తం ఊరి గడ్డకట్టి అక్కడో కొత్త పొర ఏర్పడుతుంది, కానీ అది అసలు గుజ్జంత గట్టిది కాదు. 2009 డిసెంబర్‌లో ఎడమ మోకాలి చిప్ప విరిగింది. 2010 నవంబర్‌లో ఎడమ మోకాలికి మైక్రోఫ్రాక్చర్, 2012 ఫిబ్రవరిలో మళ్ళీ దానికే ఇంకోటి. పోర్ట్‌లాండ్‌కి అతను ఆడింది మొత్తం 82 మ్యాచ్‌లు, అంటే సరిగ్గా ఒక్క సీజన్‌లో ఉండేటన్ని. డ్యూరాంట్‌ని వదులుకున్నారని ఇక్కడివాళ్ళు ఇప్పటికీ ఎగతాళి చేస్తుంటారు, ఆ కుర్రాడి మోకాళ్ళ గురించి జాలిపడేవాళ్ళని తక్కువ చూశాను.

ఇప్పుడు రెండో వైపు చూడండి. అప్పట్లో షికాగోకి ఆడిన లోంజో బాల్‌కి 2022 జనవరిలో ఎడమ మోకాల్లో మెనిస్కస్ చిరిగింది, ఆపరేషన్ మీద ఆపరేషన్ అయినా మెట్లెక్కితే నొప్పి పోలేదు. 2023 మార్చిలో దాత నుంచి తీసిన మెనిస్కస్, గుజ్జు పెట్టారు. 2024 అక్టోబర్‌లో తిరిగొచ్చాడు, దగ్గర దగ్గర మూడేళ్ళు. ఈ మధ్యలో అతన్ని జనం ఎన్ని అన్నారో, జీతం తింటూ కూర్చున్నాడని, వెన్నెముక లేదని. ఎనిమిది రోజుల్లో వచ్చినవాడికి హారతులు, మూడేళ్ళు ఓపిక పట్టినవాడికి చీవాట్లు! పాత రాయ్‌లా మళ్ళీ తొందరపడి ఉంటే ఏమయ్యేదో అని ఒక్కడూ రాయలేదు. పైగా 2023-24 సీజన్ నుంచి కనీసం 65 మ్యాచ్‌లు ఆడితేనే ఎంవీపీ (ఆ ఏటి మేటి ఆటగాడు) లాంటి అవార్డులు ఇస్తామని లీగే రూల్ పెట్టింది. స్టార్లు ఊరికే రెస్ట్ తీసుకుంటున్నారన్న గోల ఎక్కువైందని పెట్టారు, డబ్బు పెట్టి టికెట్ కొన్నవాడి బాధ నాకూ తెలుసు, కానీ మోకాలు సలుపుతున్న ఆటగాడు అరవై రెండో మ్యాచ్ దగ్గర ఏం చేస్తాడో ఆలోచించండి, అవార్డుని బట్టి కాంట్రాక్టు కూడా పెరిగే లీగ్‌లో.

మన పేపర్లో ఈ అమెరికా గోలెందుకు అంటారేమో. ఇక్కడున్న మన పిల్లలు ఇప్పుడు బాస్కెట్‌బాల్ బాగానే ఆడుతున్నారండి. శని ఆదివారాలు కలిపి నాలుగేసి మ్యాచ్‌లు, ఎండాకాలం చలికాలం తేడా లేదు, స్కూల్ టీమ్ అయ్యాక క్లబ్ టీమ్, ఆ తర్వాత పర్సనల్ కోచ్. పిల్లాడు మోకాలి కింద ఐసు పెట్టుకుని హోంవర్క్ చేస్తుంటే "వీడికి డెడికేషన్ ఎక్కువ" అని గొప్పగా చెప్పుకునే తండ్రిని నేనే చూశాను, ఆ పిల్లాడికి పదమూడేళ్ళు. ఇక్కడి పిల్లల డాక్టర్ల సంఘం ఎప్పటినుంచో చెప్తోంది, వారానికి ఒకటి రెండు రోజులు, ఏడాదికి రెండు మూడు నెలలు ఆ ఆట నుంచి సెలవివ్వండి అని. ఎన్‌బీఏ కూడా 2016లో మార్గదర్శకాలు ఇచ్చింది, పద్నాలుగేళ్ళు వచ్చేదాకా ఒకే ఆటకి పిల్లల్ని కట్టెయ్యద్దని. వినేవాళ్ళేరీ.

ఇక మన ఊళ్ళ సంగతి. మా అన్నయ్య కూతురు గుంటూరులో స్కూల్ టీమ్‌కి ఆడుతుంది, పోయినసారి ఇండియా వచ్చినప్పుడు ప్రాక్టీస్ చూద్దామని వెళ్ళా. సిమెంటు కోర్టు, గీతలు సగం చెరిగిపోయి, మూలన పగులు. పిల్ల అరిగిపోయిన బూట్లేసుకుని మోకాలికి నీ క్యాప్ తొడుక్కుని ఆడుతోంది, మధ్యలో పక్కకొచ్చి నీ క్యాప్ కిందకి లాగి బుస్సుమని స్ప్రే కొట్టుకుని మళ్ళీ వెళ్ళిపోయింది. ఏంటమ్మా అంటే "ఏం లేదు బాబాయ్, నాన్నకి చెప్పకు, సెలెక్షన్స్ ఉన్నాయి" అంది. జిల్లా జట్టులో పేరుండాలి, రాష్ట్రస్థాయి సర్టిఫికెట్ కావాలి, రేపు స్పోర్ట్స్ కోటాలో సీటుకి అదే ఆధారం. నొప్పి అని నోరు తెరిస్తే పక్కన కూర్చోబెడతారని పిల్లలందరికీ తెలుసు. ఆ పీఈటీ సార్ మంచివాడే పాపం, ఆయన దగ్గర ఉన్నదల్లా ఒక క్రేప్ బ్యాండేజీ, ఐసు ముక్కల డబ్బా. ఫిజియో అన్నవాడు ఆ టోర్నమెంట్ మొత్తానికి లేడు. రాయ్ మోకాళ్ళు పోతే కోట్ల డాలర్లైనా చేతికొచ్చాయి, ఈ పిల్లకి పోతే ఎమ్మారై ఖర్చు కూడా వాళ్ళ నాన్న జేబులోంచే.

అన్నయ్యకి చెప్పేశాను లెండి, పిల్ల నాతో రెండు వారాలు మాట్లాడలేదు. డాక్టర్ చూసి చిప్ప కింద ఉండే టెండన్, అంటే ఎముకని పట్టి ఉంచే తాడులాంటిది, వాచింది, ఎగిరే ఆటలు ఆడేవాళ్ళకి మామూలే, కొన్నాళ్ళు దూకుడు తగ్గించి తొడ కండరాలకి ఎక్సర్‌సైజులు చెయ్యమన్నాడు. ఆ సెలెక్షన్స్ పోయాయి, తర్వాతి ఏడాది వెళ్ళింది.

కాబట్టి ఎడిటర్ గారూ, నేనడిగేది పెద్ద విషయం కాదు. ఈసారి ఎవరైనా ఆపరేషన్ తర్వాత గడువుకి ముందే ఆటకి వస్తే, ఆ ఆపరేషన్‌కి మామూలుగా ఎన్ని వారాల విశ్రాంతి కావాలో కూడా అదే వార్తలో ఒక లైను వెయ్యండి, ఎవరైనా ఎముకల డాక్టర్‌ని ఫోన్ చేసి అడిగితే రెండు నిమిషాల్లో చెప్తారు. యోధుడు, వీరుడు అన్న మాటలు కొన్నాళ్ళు పక్కన పెట్టండి. జిల్లా ఎడిషన్లలో స్కూల్ టోర్నమెంట్ల వార్తలు వేస్తారు కదా, ముఖ్య అతిథి ఎవరు, ఎవరికి శాలువా కప్పారు అన్నది ఎలాగూ రాస్తారు, దాంతో పాటు అక్కడ ఫిజియో ఉన్నాడా లేదా, దెబ్బ తగిలితే పిల్లల్ని ఎక్కడికి తీసుకెళ్తారు అని మీ విలేకరిని ఒక్క ప్రశ్న అడగమనండి. రెండుసార్లు పేపర్లో లేడు అని పడితే మూడోసారికి నిర్వాహకులే ఏర్పాటు చేస్తారు, మనవాళ్ళ సంగతి నాకు తెలుసు.

బ్రాండన్ రాయ్ ఆ తర్వాత సియాటిల్‌లో స్కూల్ పిల్లలకి కోచ్ అయ్యాడు, 2016-17లో నేథన్ హేల్ హైస్కూల్ టీమ్‌ని ఒక్క మ్యాచ్ ఓడకుండా 29-0తో నడిపించి, దేశం మొత్తం మీద ఆ ఏటి ఉత్తమ హైస్కూల్ కోచ్ అవార్డు తీసుకున్నాడు, తర్వాత తను చదువుకున్న గార్‌ఫీల్డ్ హైస్కూల్‌కే వెళ్ళాడు. మీ ఆదివారం అనుబంధంలో ఇలాంటివాళ్ళ మీద ఒక పేజీ వేస్తే, పోయినసారిలా సినిమావాళ్ళ జిమ్ ఫొటోలతో నింపకుండా, మా ఇంట్లో ముందుగా నేనే చదువుతా.

ఇట్లు,
మీ పాఠకుడు,
హిల్స్‌బొరో, ఆరెగాన్.